ఈగల్స్ కాదు, ఈగలు

సెప్టెంబర్ 4, 2011, ఆదివారం

పదిహేడు – రెండు. ఆ రెండూ వీళ్ళవి.

బేస్‌బాల్ అనే ఆట ఈ చుట్టుపక్కల ఎవరూ ఆడరు. ఎవరూ ఆడని ఆటలో కూడా వారం వారం ఓడిపోవాలంటే ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. అది ఈ దిల్‌సుఖ్‌నగర్ జట్టుకు పుష్కలంగా ఉంది. ‘ఈస్ట్ సిటీ ఈగల్స్’ అని చొక్కాల మీద తెలుగులో రాయించుకున్నారు. ఉతికీ ఉతికీ కొందరికి చివరి అక్షరం ఊడిపోయి ‘ఈగ’ మిగిలింది. నేనైతే మొదటి నుంచీ ఈగలనే అంటున్నాను. బంతి పడిన చోట అందరూ ముసురుతారు, ఎవడూ పట్టుకోడు.

ఈ ఆట మా ఇంట్లోకి వచ్చింది ఈయన పుణ్యాన. క్రికెట్‌కు లక్షమంది పోటీ, ఇంజనీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా సీటు కావాలంటే జనం లేని ఆట పట్టుకోవాలని బ్యాంకులో కూర్చుని కనిపెట్టారు. మా అబ్బాయి శ్రీకర్‌ను తీసుకెళ్ళి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక గ్రౌండులో పడేశారు. వీడు ఇంటర్ ఫస్టియర్. రైట్ ఫీల్డ్‌లో నిలబడతాడు, అంటే బంతి రాని చోట. ఏడాదిగా అక్కడ నిలబడి సీటు సంపాదిస్తున్నాడు.

కోచ్ సత్యనారాయణ. సరూర్‌నగర్ మనిషి, సర్కారు బళ్ళో డ్రిల్లు మాస్టారు. బంతి విసిరేది ధనరాజ్ అనే బాలాపూర్ కుర్రాడు. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. వీడి విషయంలో ఆ మాటలో మొదటి సగం చాలు. నాలుగు బంతులు తిన్నగా వెయ్యకపోతే బ్యాట్ పట్టుకున్నవాడు ఏ కష్టం లేకుండా మొదటి బేస్‌కు నడిచి వెళ్ళచ్చు. అలాంటి బేస్‌లు నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ఇవాళ పదకొండుమంది అలా షికారుకెళ్ళినట్టు వెళ్ళారు. ఉండబట్టలేక అరిచాను: “మోచెయ్యి పైకెత్తి వెయ్యి నాయనా, మేం ఇంటికెళ్ళాలి.”

పక్కన కూర్చున్న వాళ్ళమ్మ నవ్వింది. పేరు ఆండాలు. వాళ్ళ పొలాల్లో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉందట. ఉన్న ఒక్క సిమెంటు బెంచీ మీద ప్రతి ఆదివారం మేమిద్దరమే. నేను వెళ్ళేది వీడి టిఫిన్ డబ్బా కోసం. ఆమె ఎందుకొస్తుందో తెలీదు.

సెప్టెంబర్ 11, ఆదివారం

నిమజ్జనం. బాలాపూర్‌లో లడ్డూ వేలం కాబట్టి పిచ్చర్ గారు రాలేదు. ఇంకో పిచ్చర్ లేడు. మ్యాచ్ వదిలేసుకున్నారు. ఆడి ఓడడం చాలక, ఆడకుండా ఓడడం కూడా నేర్చుకున్నారు.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. ఆ సకల జనుల్లో నేను ఉన్నానో లేదో ఎవరూ చెప్పలేదు. కాలేజీ మాత్రం మూసేశారు. ఎనిమిది సెక్షన్లకు లెక్కలు చెప్పే నోరు ఇంట్లో ఖాళీగా ఉంది. ఈయన భయపడుతున్నారు.

సెప్టెంబర్ 16

ఈయన నన్ను అడగకుండానే విజయవాడ బ్రాంచికి బదిలీ పెట్టుకున్నారు. నవంబర్లో వస్తుందట. ఇవాళ కాఫీ ఇస్తుంటే చెప్పారు, గ్యాస్ బుక్ చేశానని చెప్పినట్టు. చైతన్యపురిలో ఈ ఫ్లాట్ అమ్మేస్తారట. కింది అంతస్తు చక్రపాణి గారి బావమరిది కొంటాడట. అన్నీ అయిపోయాయి, ఒక్క నా సంతకం తప్ప. మా నాన్న ఇచ్చిన దాంతో కొన్నది కాబట్టి ఫ్లాట్ నా పేరున ఉంది. ఆ సంగతి ఈయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

“పరిస్థితులు చూస్తున్నావుగా విజయా, ఇంకా ఎంతకాలం ఇక్కడ?” అన్నారు.

నేను ఈ ఊరు వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. గుడివాడలో ఉన్నది పంతొమ్మిదేళ్ళు. తీసివేత ఈయనకు రాకపోతే నేనేం చెయ్యను. సంతకం గురించి మాత్రం ఏమీ అనలేదు. ఈ బేస్‌బాల్ సీజన్ అయ్యాక చూద్దాం అన్నాను. ఎందుకు అలా అన్నానో నాకే తెలీలేదు. వీడి స్పోర్ట్స్ సర్టిఫికెట్ కోసమే అయ్యుంటుంది.

సెప్టెంబర్ 21

సర్టిఫికెట్ గొడవ తీరిపోయింది. శ్రీకర్‌ను విజయవాడ కాలేజీలో చేర్చారు. చదువు పాడవుతోందని దిల్‌సుఖ్‌నగర్ సగం ఖాళీ అవుతోంది, మావాడొక్కడూ ఇక్కడుండి ఏం చేస్తాడు అన్నారు. పొద్దున రైలెక్కించి వచ్చాం. వాడు ఏడవలేదు. కొత్త హాస్టల్ పక్కనే బేస్‌బాల్ గ్రౌండుందట, అక్కడా ‘బెజవాడ బ్లాస్టర్స్’ అని ఏదో జట్టు ఉందట, ఈయన ముందే విచారించారు. కొడుకు చదువు కంటే కోటా మీద శ్రద్ధ ఎక్కువ.

ఇక ఆదివారాలు హాయిగా ఇంట్లో ఉండచ్చు.

సెప్టెంబర్ 22

వాడు గ్లవ్ మర్చిపోయి వెళ్ళాడు. జట్టుకు ఉన్న తొమ్మిది గ్లవ్‌ల్లో అదొకటి. తిరిగివ్వడం మర్యాద.

సెప్టెంబర్ 25, ఆదివారం

గ్లవ్ ఇచ్చి వచ్చేద్దామని వెళ్ళాను. మూడు గంటలు పట్టింది.

సరూర్‌నగర్ కాలేజీ పిల్లలతో మ్యాచ్. పన్నెండు – నాలుగు. రైట్ ఫీల్డ్‌లో ఎవడూ లేక తోటమాలి కొడుకుని పెట్టారు. వాడు మావాడి కంటే నయం. ఏడో ఇన్నింగ్స్‌లో ఈగల్లో ఒకడు కొట్టిన బంతి గోడ దాటి బత్తాయిల లారీలో పడింది. నిజంగా హోమ్‌రన్. ఇంతలో లారీ కదిలింది. జట్టులో సగంమంది పరుగు చూసి చప్పట్లు కొట్టడం మానేసి లారీ వెంట పరిగెత్తారు. ఉన్నవి రెండు బంతులు, పాపం.

ఆండాలు అడిగింది: “కొడుకు పోయిండు గద మేడం, నువ్వెందుకొచ్చినవ్?” మేడం అంటుంది, నువ్వు అంటుంది. రెండూ ఒకే నోటితో.

గ్లవ్ ఇవ్వడానికి అని చెప్పాను. గ్లవ్ ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

సెప్టెంబర్ 27

కూరగాయలకు చంపాపేట్ వెళ్ళాను. చైతన్యపురిలో దొరకవని కాదు, అక్కడ వంకాయలు లేతగా ఉంటాయి. దారిలోనే గ్రౌండు. అంటే కాస్త చుట్టూ తిరిగి వెళితే దారిలోనే. ధనరాజ్ ఒక్కడూ గోడకేసి బంతులు విసురుతున్నాడు. మోచెయ్యి ఇంకా కిందనే ఉంది. చెప్పి వచ్చాను. వంకాయలు తేవడం మర్చిపోయాను.

సెప్టెంబర్ 29

ఈ రోజు సంగతి ఈయనకు చెప్పను.

గ్రౌండు గేటుకు తాళం. తాళాలున్న వాచ్‌మన్ కూడా సమ్మెలోకి దిగాడు. సత్యనారాయణ మాస్టారు ఎలాగూ సమ్మెలోనే ఉన్నాడు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్డు బంద్. టెంటు వేసి వంటా వార్పూ, ఒక పక్క కబడ్డీ, ఒక పక్క బతుకమ్మ పాటలు. ఈ మహానుభావుడు జట్టునంతా తీసుకెళ్ళి విజయవాడ హైవే మీద నాలుగు గోనె సంచులు పరిచి బేస్‌బాల్ పెట్టాడు. ఎలాగూ బస్సులు లేవు, రోడ్డు ఖాళీగా ఉందన్నాడు. ఆండాలు ఫోన్ చేసి రమ్మంది. గొడవల్లోకి నేనెందుకు వస్తానన్నాను. పావుగంటలో చెప్పులేసుకున్నాను.

అంపైర్ కూడా మాస్టారే. బ్యాట్ పట్టుకున్నవాడు బంతిని తప్పితే ‘స్ట్రైక్’ అని అరవాలి, మూడు స్ట్రైక్‌లకు వాడు అవుట్. ధనరాజ్ మొదటి బంతి వేశాడు. అవతలివాడు గాలిలో ఊపాడు. మాస్టారు చెయ్యెత్తి “స్ట్రైక్” అని గట్టిగా అరిచాడు. టెంటు కింద కూర్చున్న రెండొందలమంది పనాపి “జై తెలంగాణ” అన్నారు.

ఆట ఏమిటో వాళ్ళకు తెలీదు. స్ట్రైక్ మాత్రం తెలుసు. రెండో స్ట్రైక్‌కు ఇంకా గట్టిగా అన్నారు. మూడోదానికి డప్పులు కొట్టారు. అవుటైనవాడు ఏడవాలో దండం పెట్టాలో తెలీక అక్కడే నిలబడ్డాడు. మంచి బంతికి డప్పులు, చెడ్డ బంతికి నిశ్శబ్దం. అరగంటలో ధనరాజ్ మోచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఏడాదిగా నేను అరిచి సాధించలేనిది సమ్మె సాధించింది. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. సమ్మె గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఆ నవ్వులో నోరు జారాను. “అలా వెయ్యాలి నాయనా, ఇన్నాళ్ళూ ఏం చేశావు” అని అరిచాను. ముందు వరసలో ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. నా యాస అలాంటిది, రెండు మాటల్లో దొరికిపోతుంది.

“ఏ ఊరమ్మా మీది?”

చైతన్యపురి అన్నాను.

“గది కాదు. సొంతూరు.”

చుట్టూ నలుగురైదుగురు చూస్తున్నారు. గుడివాడ అనే మాట గొంతులో ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్నకు భయపడడం ఇదే మొదటిసారి. నాకు సిగ్గేసింది, ఒళ్ళు కూడా మండింది.

ఆండాలు గిన్నె కింద పెట్టి లేచింది. “గామె మా పోరలను తిట్టేటి మేడం. ఆదివారమాదివారం ఒచ్చి తిడ్తది. నీకేం గావాలె?” అంది.

పెద్దమనిషి ఏమనుకున్నాడో, కొంచెం జరిగి చోటిచ్చాడు. తర్వాత విస్తరి పెట్టారు. పప్పులో చింతపండు ఎక్కువైంది. రెండోసారి వేయించుకున్నాను.

అక్టోబర్ 6, దసరా

శ్రీకర్ రాలేదు. రోడ్లు బాలేవని ఈయనే వద్దన్నారు. చక్రపాణి గారు బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చారు. అతను మా వంటింట్లో నిలబడి ఈ గోడ తీసేస్తానన్నాడు. అగ్రిమెంటు కాగితాలు టైపు చేసి ఉన్నాయి. సీజన్ అవలేదన్నాను. ఏ సీజనో అతనికి అర్థం కాలేదు, పెళ్ళిళ్ళ సీజన్ అనుకున్నాడు.

అక్టోబర్ 12

ఇవాళ కూడా వంకాయలకు వెళ్ళాను.

అక్టోబర్ 24

సమ్మె ఆగింది. నలభై రెండు రోజులు. కాలేజీ తెరుస్తారట. ఈగలకు మాత్రం సమ్మె ఉన్నా లేకున్నా పని ఒకటే. నిన్న పది – మూడు.

నవంబర్ 6, ఆదివారం

ఏడు – ఆరు. ఒక్క పరుగు తేడా. ఇంత దగ్గరగా వచ్చి ఓడడం అన్యాయం. పది పరుగులతో ఓడితే మనిషి ఇంటికొచ్చి ప్రశాంతంగా అన్నం తింటాడు.

ఒకడు రెండో బేస్ దగ్గర చెప్పు తెగిందని ఆగాడు. ఆటలో చెప్పులేమిటని అడిగితే బూట్లు తమ్ముడు వేసుకెళ్ళాడట. మాస్టారు వాణ్ణి ఏమీ అనలేదు. మాస్టారు ఎవర్నీ ఏమీ అనడు, అదే ఈ జట్టు జబ్బు. కాబట్టి నేనే లేచి వెళ్ళి అన్నాను. తొమ్మిదిమందిని వరసలో నిలబెట్టి పావుగంట అన్నాను. తలలు దించుకొని విన్నారు. నా క్లాసులో కూడా ఇంత బుద్ధిగా వినరు.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆండాలు మెల్లగా అడిగింది: “మీరు పోతున్నరంట గద, ఇల్లు అమ్ముకోని?”

ఎవరు చెప్పారన్నాను. కొనేవాడు వాళ్ళ పొలాల్లోని ఆ ఫంక్షన్ హాలు బుక్ చేసుకోవడానికి వచ్చి చెప్పాడట, గృహప్రవేశానికి.

“ఏమో, చూడాలి” అన్నాను.

“నువ్వు తిట్టకపోతె మా వానికి బాల్ పడతలేదు మేడం. మొన్న నువ్వు జరమొచ్చి రాలే, పద్నాలుగుమందిని నడిపిచ్చిండు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పోయేటోళ్ళని ఉండుమని ఎట్లంటం. చెప్పిన, గంతే.”

నేను గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాను. ఎండకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఐదున్నర గంటల ఎండకు.

నవంబర్ 14

ఈయన విజయవాడ వెళ్ళి చేరారు. డిసెంబర్ ఒకటి, గురువారం, రిజిస్ట్రేషన్‌కు రోజు పెట్టుకున్నారు. ఆ రోజు పొద్దున దిగుతారట, సంతకం పెట్టించి నన్నూ సామానునూ తీసుకెళతారట. వరసలో నేను సామాను కంటే ముందున్నాను, అదే సంతోషం. సరే అన్నాను. ఇక ఏం చెయ్యాలి? మొగుడూ కొడుకూ అక్కడ ఉన్నారు. ఎవరూ లేని ఇంట్లో కూర్చుని నేను ఎవరి కోసం వండుకోవాలి?

నవంబర్ 15

అట్టపెట్టెలు తెచ్చాను. పుస్తకాలు సర్దాను.

నవంబర్ 16

పుస్తకాలు తీశాను. ఒకటి కావలసి వచ్చింది.

నవంబర్ 20, ఆదివారం

వచ్చే ఆదివారం క్లబ్బుల పోటీ ఈ గ్రౌండులోనే. ఈగలకు చీటీలో పడ్డది ఎవరు? బెజవాడ బ్లాస్టర్స్. శ్రీకర్ ఫోన్ చేసి గొంతు చించుకున్నాడు. వాడు పదమూడో ఆటగాడట, ఎవరికైనా దెబ్బ తగిలితే దింపుతారట. జట్టుతో పాటు లాడ్జిలో ఉంటాడట, ఇంటికి ఒక్కపూట వస్తాడట. నీ ఊళ్ళో నీకు లాడ్జి ఏమిట్రా అన్నాను. రూల్ అమ్మా అన్నాడు. గొంతు మారింది వాడికి. రెండు నెలల్లో.

ఈయన కూడా ఫోన్ చేశారు. ఇల్లు వదిలే ముందు కొడుకు ఆట చూసే అదృష్టం పట్టిందన్నారు. నిజమే. ఇంతకంటే కావలసిందేముంది.

నవంబర్ 26, శనివారం

కాలేజీ నుంచి వస్తుంటే గ్రౌండు దగ్గర దిగాను. ధనరాజ్ పరిగెత్తుకొచ్చాడు. చేతిలో బంతి తిప్పుతూ కాసేపు నసిగాడు.

“మేడం, రేపు శ్రీకర్ గాడు దిగితె ఎట్లెయ్యాలె? వాని ఆట నీకెర్కనే గద.”

ఏడాది పాటు ప్రతి ఆదివారం చూశాను, తెలియకేం. వాడు భుజాల పైకొచ్చిన బంతిని చూస్తే ఆగలేడు. కళ్ళు మూసుకొని ఊపుతాడు. ఒక్కటీ తగల్లేదు. కింద బంతులు మాత్రం బాగా కొడతాడు.

పైకి వెయ్యి, మూడూ పైకే వెయ్యి అని చెప్పాను.

ఇందులో తప్పేమీ లేదు. విద్యార్థి వచ్చి ప్రశ్న అడిగాడు, టీచర్ని, జవాబు చెప్పాను. అయినా పదమూడో ఆటగాణ్ణి ఎవరు దింపుతారు? తప్పేమీ లేదు.

తిరిగొస్తూ వాడికిష్టమని గోంగూర తెచ్చాను. రెండు కట్టలు చాలు, నాలుగు తెచ్చాను.

నవంబర్ 27, ఆదివారం

 ఉన్నదున్నట్టు రాస్తాను.

ఈగలు ఆడారు. నిజంగా ఆడారు. చెప్పులవాడు బూట్లతో వచ్చాడు. తోటమాలి కొడుకు పరిగెత్తుకెళ్ళి ఒక బంతి పట్టుకొని, పట్టుకున్నానా అని తనే చూసుకున్నాడు. ధనరాజ్ మోచెయ్యి దించితే ఒట్టు. ఏడో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది, వచ్చేసరికి ఆరు – ఐదు. ఆరు వీళ్ళవి. బ్లాస్టర్స్‌ది చివరి బ్యాటింగ్. ఇద్దరు అవుట్. రెండో బేస్‌లో ఒకడు, మూడో బేస్‌లో ఒకడు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే ఈ జట్టు జన్మలో మొదటిసారి గెలుస్తుంది. ఆండాలు నా మోచెయ్యి పట్టుకుంది. గోరు దిగింది.

బ్లాస్టర్స్ బ్యాట్స్‌మన్‌కు తిమ్మిరెక్కింది. వాళ్ళ కోచ్ వెనక్కి తిరిగి చెయ్యూపాడు. హెల్మెట్ పెట్టుకుంటూ శ్రీకర్ లేచాడు.

నీలం చొక్కా. నా కొడుకు. రెండు అంగుళాలు పెరిగాడు. నన్ను చూసి కొద్దిగా నవ్వాడు. నేనూ నవ్వాను.

మొదటి బంతి పైకి వచ్చింది. కళ్ళు మూసుకొని ఊపాడు. స్ట్రైక్. రెండోదీ పైకే. మళ్ళీ ఊపాడు. స్ట్రైక్. నేను లేచి నిలబడి ఉన్నాను. చప్పట్లు కొడుతున్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. కన్నకొడుకు బంతిని తప్పితే గ్రౌండంతా వినబడేలా చప్పట్లు కొట్టాను. వాడు తల తిప్పి చూశాడు. అప్పుడు చేతులు ఆగాయి, మనసు మాత్రం ఆగలేదు. ఇంకొక్కటి, ఒరే ఇంకొక్కటి, పైకి వెయ్యి అనుకున్నాను. ఎవరికి ఏం జరగాలని కోరుకుంటున్నానో నాకు స్పష్టంగా తెలుసు. ఇక్కడ అబద్ధం రాయను.

మూడోదీ పైకే వచ్చింది. శ్రీకర్ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక అడుగు వెనక్కి వేసి కొట్టాడు. బంతి పండ్ల మార్కెట్ గోడకు తగిలి కింద పడేలోపు బేస్‌ల మీదున్న ఇద్దరూ ఆఖరి బేస్ దాటారు. ఏడు – ఆరు.

నీలం చొక్కాలన్నీ వాడి మీద పడ్డాయి. పుట్టాక వాడు అంత దూరం ఏ వస్తువునూ కొట్టి ఎరగడు. ఏ తల్లయినా ఎగిరి గంతెయ్యాలి. నేను బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. ధనరాజ్ నడుం మీద చేతులు పెట్టుకొని మట్టిలోకి చూస్తున్నాడు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఈసారి వాళ్ళను ఒక్క మాట కూడా అనాలనిపించలేదు.

అప్పుడే ఈయన ఫోన్. “ఏమైంది విజయా? మన వాళ్ళు ఏం చేశారు?”

“మన వాళ్ళు ఓడిపోయారండీ” అన్నాను. 

“అయ్యో. పోనీలే, వాణ్ణేమీ అనకు. నేను మాట్లాడతాగా” అని పెట్టేశారు.

అందులో పొరపాటేముందో నాకు వెంటనే తట్టలేదు. కాసేపటికి శ్రీకర్, ధనరాజ్ భుజాల మీద చేతులేసుకొని వచ్చారు. పిచ్చర్ అనే మాటలో మొదటి సగం వీడికి ఎందుకు సరిపోతుందో మళ్ళీ రుజువు చేశాడు. “నువ్వు చెప్పినట్టే మూడు బాల్లూ మీదికే ఏసిన మేడం. వీడు యాడనో నేర్చుకోనొచ్చిండు” అన్నాడు, శ్రీకర్ ముందే, నవ్వుతూ.

శ్రీకర్ నవ్వలేదు. నా వైపు చూశాడు. నేను డబ్బా మూత కోసం వెతికాను.

ఇంట్లో గోంగూరతో రెండుసార్లు కలుపుకున్నాడు. నాన్న ఫోన్ చేసి ఓదార్చారమ్మా, ఎందుకో అర్థం కాలేదు, గెలిచాం నాన్నా అంటే రెండుసార్లు స్కోరు అడిగి పెట్టేశారు అని చెప్పాడు. నేను నెయ్యి వేశాను. వాడు కంచంలోకి చూస్తూ అన్నాడు: “నువ్వు అక్కడికి రావు కదమ్మా.”

కోపం లేదు వాడి గొంతులో. అదే కష్టంగా ఉంది. తిట్టినా బావుండేది. పెరుగేసుకో అన్నాను.

నవంబర్ 28, సోమవారం

పొద్దున్నే ఈయన ఫోన్. రాత్రంతా ఆలోచించినట్టున్నారు. నిదానంగానే మొదలుపెట్టారు. వాడు గెలిపిస్తే నువ్వు ఓడిపోయారంటావేంటి, ఆట అర్థం కాలేదా అని.

“అర్థమయ్యే చెప్పాను. వాడి వాళ్ళు గెలిచారు. మన వాళ్ళు ఓడిపోయారు.”

 అటునుంచి బస్సుల హారన్లు వినిపించాయి.

“మన వాళ్ళంటే ఎవరు విజయా?”

“నాకూ నిన్ననే తెలిసింది.”

గురువారం రావద్దన్నాను, సంతకం పెట్టనన్నాను. ఈ ఫ్లాట్ అమ్మను. నెలకు రెండుసార్లు నేను అక్కడికొస్తాను, రెండుసార్లు మీరు రండి, రాష్ట్రం రెండైతే అప్పుడు రెండు రాష్ట్రాలూ తిరుగుదాం. మాట తడబడకుండా చెప్పాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో అనిపించింది.

ఈయనకు కోపమొచ్చింది. ఆ ఓడిపోయే పిల్లల కోసం సంసారం రెండు చేస్తావా అన్నారు. రేపు అక్కడ ఎవడైనా పొమ్మంటే ఏం చేస్తావన్నారు. భయమెయ్యడం లేదా అన్నారు. వేస్తోందని ఒప్పుకున్నాను. ఆ రోజు రోడ్డు మీద సొంతూరు అడిగినప్పుడు నోరెండిపోయిన సంగతి కూడా చెప్పాను. మొత్తం చెప్పాను, రెండోసారి వడ్డించుకున్న పప్పుతో సహా.

“మరి?”

“ఇక్కడ నేను తిడితే పడేవాళ్ళున్నారండీ. అక్కడికొచ్చి ఎవర్ని తిట్టుకోను?”

“నేను లేనా?” అన్నారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈయన చేసిన మొదటి హాస్యం.  శనివారం వస్తాను, మాట్లాడుకుందాం అని పెట్టేశారు. వస్తారు. వాదిస్తారు. వాదించనీ.

సాయంత్రం నాలుగింటికి గ్రౌండుకు వెళ్ళాను. ఆదివారం నల్లగొండ జట్టుతో మ్యాచ్. ధనరాజ్ భుజం పట్టేసిందంటున్నాడు. చెప్పులవాడి బూట్లు మళ్ళీ తమ్ముడి కాళ్ళలో ఉన్నాయి. మాస్టారు రైట్ ఫీల్డ్‌కు ఎవర్ని పెట్టాలో తేల్చుకోలేక గడ్డి పీకుతున్నాడు.

ఓడిపోతాం.